పొరుగు దేశం చీటీ

మా సమావేశంలో ఒక నియమం ఉంది. దేశాల గురించి మాట్లాడదలచిన మనిషి ముందుగా రేకు డబ్బాలో చెయ్యిపెట్టి ఒక చీటీ తీయాలి. అందులో ఏ దేశం పేరు వస్తే ఆ దేశపు మనిషిగా నిలబడి, ఆ దేశానికున్న భయాన్నీ కోపాన్నీ తనవిగా చేసుకొని మాట్లాడాలి. ఎగతాళి చేయకూడదు. సొంత అభిప్రాయం ఏదైనా ఉంటే అది చివర్లో చెప్పుకోవాలి. ఈ నియమం లేని రోజుల్లో మా సమావేశాలు ఎలా నడిచేవో నాకు బాగా గుర్తు. రాత్రి టీవీలో విన్నదాన్ని పొద్దున ఒకరికొకరం అప్పజెప్పుకొనేవాళ్లం. అందువల్ల ఈ నియమమే తప్పని ఇవాళ ఎవరన్నా నేను ఒప్పుకోను. జరిగినదంతా జరిగాక కూడా ఒప్పుకోను.

మేము పాతిక మందికి మించం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు, ఈ మూడు ఊళ్లలో నెలకొక ఊరి చొప్పున ఒక ఆదివారం కూర్చుంటాం. అణువు అన్న మాట మా చెవిన మొదట పడింది దేశాల తగాదాల్లో కాదు, నల్లమలలో యురేనియం కోసం వెతుకుతారన్న వార్త వచ్చినప్పుడు. నాగర్‌కర్నూలు కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పే ఒక మేడం అప్పుడు మమ్మల్ని కూర్చోబెట్టి, భూమిలోంచి తవ్విన ఆ ఖనిజం చివరికి ఎక్కడెక్కడికి చేరగలదో కూడా మాట్లాడుకోవాలి కదా అన్నారు. అలా మొదలైంది. నేను సహకార శాఖలో ఆడిటర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి గనుక రాతపని నాకు అప్పగించారు. ఎవరు వచ్చారు, ఎక్కడ కూర్చున్నారు, ఏమన్నారు అన్నీ రాస్తాను. కూర్చున్న చోటు ఎందుకని నవ్వేవాళ్లు ఉన్నారు. మనిషి చెప్పే మాటకన్నా, అతను ఎవరి పక్కన కూర్చున్నాడన్నది ఎక్కువ చెబుతుందని నా ఉద్యోగం నాకు నేర్పింది.

ఈ సంగతి రాసుకోవడానికి అనుమతి ఇచ్చిన వ్యక్తి పెట్టిన షరతు ఒక్కటే: పేర్లు ఉండకూడదు. కాబట్టి ఆయనను మేస్త్రీ అనే అంటాను. గద్వాలలో ఆయనది బోరు మోటార్ల వైండింగ్ దుకాణం. వడ్డేపల్లి దాకా ఉన్న పల్లెల రైతులు కాలిపోయిన మోటార్లను ఆటోల్లో వేసుకొని ఆయన దగ్గరికే వస్తారు. అసలు పేరు తెలియనివాళ్లు కూడా ఆయనను ‘మేస్త్రీ సాబ్’ అంటారు. శుక్రవారం నమాజు వేళ తప్ప పగలు షట్టర్ దించడు. మా సమావేశాలకు ఒక్కటి తప్పకుండా వచ్చేవాడు. వచ్చి గోడవారగా కూర్చొనేవాడు. డబ్బా తన ముందుకు వచ్చిన ప్రతిసారీ “నాకెందుకు సార్, నేను ఇననీకి వచ్చినోన్ని” అని పక్కకు జరిపేవాడు.

మొన్నటి వేసవిలో, సరిహద్దు వార్తలు పగలూ రాత్రీ ఆగకుండా వచ్చిన రోజుల్లో, గద్వాల వంతు వచ్చింది. ఊళ్లో ఒక సంఘం వాళ్ల గదిని అడిగి తీసుకున్నాం. ఆ ఆదివారం మేస్త్రీ ఎందుకో తానే లేచి వచ్చి డబ్బాలో చెయ్యి పెట్టాడు. చీటీ విప్పి చూసి నవ్వాడు. పాకిస్తాన్ అని వచ్చింది.

“వేరేది తీస్తరా?” అని మేడం అడిగారు.

“ఎందుకు మేడం? పోయిన్నెల ఫౌజీ అన్న చైనా కాలేదా? నాకేమైతది?”

ఫౌజీ అంటే అమరచింత నుంచి వచ్చే మాజీ సైనికుడు. వెనక వరుసలోంచి ఆయన గట్టిగా అన్నాడు: “అగో, నేను చైనా అయ్యి ఇంటికి పోతే మా ఆడామె రెండు రోజులు చాయ్ పోయలే. నీకు బువ్వనే వెట్టరు చూస్కో.”

అందరం నవ్వాం. మేస్త్రీ గొంతు సవరించుకొని మొదలుపెట్టాడు. మోటారు విప్పినట్టే మాట్లాడాడు, ఒక్కొక్క చుట్టు తీసి పక్కన పెడుతూ. “మీకు పెద్ద ఫౌజు ఉన్నది. మాకు గంత లేదు. గందుకే బాంబు తలగడ కింద వెట్టుకొని పండుకుంటున్నం. మీరు ఒక్క అడుగు ముందుకేస్తే మా చెయ్యి దాని మీదికే పోతది” అన్నాడు. అక్కడ ఫౌజీ లేచి, “జర ఆగు! గట్లెట్ల పోతది?” అని గద్దించాడు. మేస్త్రీ ఆగలేదు. “పోతది అన్న. గిదే భయం అంటే. భయపడ్డోని చేతిల గసొంటిది ఉంటే వానికీ నిద్ర లేదు, పక్కింటోనికీ నిద్ర లేదు. ఇగ నా సొంత మాట చెప్త. నేను గద్వాలోన్ని. నా దేశం గా భయం పట్టిన ఇంటి పక్కన ఉన్నది. గందుకే ఎవడన్న ముందుగాల మాట్లాడాలె, మాట్లాడేటోడు మనోడే కావాలె అంటున్న.” చప్పట్లు కొట్టాం. ఫౌజీ వచ్చి చెయ్యి కలిపాడు కూడా. అంతా నేను రాసుకున్నాను.

మూడో రోజుకు ఆ మాటలు ఊరంతా ఫోన్లలో తిరిగాయి. ‘మా చెయ్యి దాని మీదికే పోతది’ దగ్గర కోసేసిన ముక్క అది. పైన ‘గద్వాలలో పాకిస్తాన్ మీటింగ్’ అని రాసి ఉంది. ఫౌజీ గద్దింపు లేదు, మేస్త్రీ సొంత మాట లేదు. ఆ తర్వాత చెయ్యి కలపడం అసలే లేదు.

ఆ వారం నేను రోజూ దుకాణం ముందుకు వెళ్లి కూర్చున్నాను. వడ్డేపల్లి వైపు రైతు ఒకాయన సగం విప్పిన మోటారును అలాగే గోనెసంచిలో వేసుకొని, “తొందరున్నది, కర్నూల్ల జేపిచ్చుకుంట” అంటూ మేస్త్రీ ముఖం చూడకుండా వెళ్లాడు. ఆ వెనక ఇంకొకాయన. దుకాణం అద్దెకిచ్చిన షట్టర్ యజమాని కూడా వచ్చాడు. చెడ్డవాడేమీ కాదు. “మేస్త్రీ, నాకు నీతోని పంచాయితీ లేదు. కని ఎవడన్న రాయి ఇసిరితే నా గోడకే కదా తాకేది? రెండు నెలలు టైము ఇస్తున్న. అంతల పూర్తి సంగతి ఏందో బయటికి తే, లేకుంటే ఖాళీ చెయ్యి” అన్నాడు. ఆ దుకాణం పోతే మేస్త్రీకి వేరే బతుకు లేదు. చేతిలో ఉన్న విద్య ఒక్కటే, అది నడిచేది ఆ షట్టర్ ముందు రైతులు మోటార్లు దించితేనే.

నేను మినిట్సు పట్టుకొని ఠాణాకు వెళ్లాను. అక్కడి అధికారి మర్యాదగానే కూర్చోబెట్టాడు. ఫిర్యాదేదీ రాలేదన్నాడు. మినిట్సు మొదటి పేజీ చూసి తిరిగి ఇచ్చాడు.

“మీరు రాసిందే కదా సార్, మీ మీటింగు గురించి. నేను నమ్ముత. జనం నమ్ముతరా? పూర్తి వీడియో తీసినోళ్లు ఎవరో ఉంటరు గద. అది తెండ్రి. ఎవరు తీసిన్రు, ఎవరికి పంపిన్రు అని ఒక వాంగ్మూలం రాసుకుంటం. గంతటితోని అయిపోతది.”

నాకు కోపం వచ్చింది. ఏళ్ల తరబడి నేను సంతకం పెట్టిన లెక్కల మీద ఎన్నో సంఘాలు నడిచాయి. ఎవడో మొహం దాచుకొని కోసిన ముక్కకు ఉన్న విలువ నా రాతకు లేదు. అయినా అతను చెప్పిన దారి సరైనదే. కోసినవాడెవరో నాకు అక్కర్లేదు. తీసినవాడు దొరికితే పూర్తిది దొరుకుతుంది, దుకాణం నిలుస్తుంది. అనుమానించడం నాకు తెలిసిన పనే. మొదలుపెట్టాను.

ముక్కలో కనిపించే కిటికీని బట్టి, ఫ్యాను రెక్కలను బట్టి, అది తలుపు వైపు నుంచి తీసిందని తేలింది. ఆ రోజు ఎవరు ఎక్కడ కూర్చున్నారో గీసుకున్న కాగితం తీశాను. తలుపు వైపు ఇద్దరు. ఒకరు వనపర్తి అని రాసి సంతకం పెట్టిన కొత్త మనిషి. రెండో మనిషి ఫౌజీ. మధ్యలో లేచి గద్దించింది ఎవరు? ఫౌజీ. ముక్కలో లేనిది ఎవరి గొంతు? ఫౌజీ గొంతు. తన గొంతు వచ్చే చోటికి ముందే కోసుకొనేది ఎవరు? ఇంతకన్నా తక్కువ ఆధారాల మీద నేను గోదాములకు తాళాలు వేయించాను.

కొత్త మనిషి వనపర్తిలో ఒక విత్తనాల దుకాణంలో పనిచేస్తాడని కనుక్కొని ముందు అతని దగ్గరికి వెళ్లాను. “పని మీద గద్వాలకొచ్చిన సార్. ఎండకు పానం పోతుంటే ఫ్యాను కనవడ్డది, లోపటికొచ్చిన. సంతకం పెట్టుమంటే పెట్టిన. నిద్రవట్టింది. మీరు ఏం మాట్లాడుకున్నరో నాకు తెల్వదు” అన్నాడు. మా సమావేశంలో నిద్రపట్టడం నమ్మదగిన విషయమే గనుక అతణ్ణి పక్కన పెట్టాను. అమరచింత బస్సెక్కాను.

ఫౌజీ వాకిట్లో కూర్చొని విత్తనానికి పల్లికాయలు ఒలుస్తున్నాడు.

“ఏం సారు, నా ఇంటికి ఆడిట్ వడ్డదా?”

“ఆ రోజు వీడియో ఎవరు తీశారో కనుక్కుంటున్నాను. మీరు తలుపు దగ్గర కూర్చున్నారు.”

“కూసున్న. అయితే?”

“మీ ఫోను ఒకసారి చూపిస్తారా?”

ఆయన చాట పక్కకు జరిపాడు. లేచి లోపలికి వెళ్లి, రబ్బరు బ్యాండు చుట్టిన బటన్ల ఫోను తెచ్చి నా చేతిలో పెట్టాడు. “తీస్కో. దీన్ల ఎన్ని సినిమాలున్నయో సూడు. చూస్కుంట ఇక్కడ్నే పండుకో.”

“ఇంట్లో ఇంకో ఫోను ఉండే ఉంటుంది కదా.”

“ఉన్నది. మా కోడలిది. మీటింగుకు వచ్చింది నేనా, మా కోడలా?” చాట మళ్లీ ముందుకు లాక్కున్నాడు. “సారు, నేను ఆయన మొఖం మీదనే అడిగిన, గట్లెట్ల అని. మొఖం మీద అడిగేటోడు దొంగసాటుకు తీస్తడా? మీ శాఖల గట్లనే ఉంటుండెనా?”

ఆయన భార్య చాయ్ తెచ్చింది. తాగను అనబోయాను. “తాగు తాగు. అనుమానం తర్వాత పడుదువు” అన్నాడు. తాగాను. కానీ తిరుగు బస్సులో నా ఆలోచన మారలేదు. ఒక మనిషి దగ్గర బటన్ల ఫోను ఉండటం, వేరే ఫోను వాడలేదనడానికి రుజువు కాదు. ఎంతో నమ్మకంగా చాయ్ పోసినవాళ్ల లెక్కల్లోనే పెద్ద బొక్కలు చూసినవాణ్ణి నేను. వచ్చే సమావేశంలో చదవడానికి నివేదిక రాశాను. ‘బలమైన అనుమానం’ అన్న మాట కింద ఫౌజీని పెట్టాను.

మా దగ్గర నివేదిక ఏదైనా చదివే ముందు ఇంకొక సభ్యుడికి చూపించాలి. దాన్ని తీసుకొని నాగర్‌కర్నూలు వెళ్లి మేడం ముందు పెట్టాను. చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“ఫౌజీ పేరు కొట్టేయండి.”

“ఆధారం ఏమిటి మేడం?”

“తీసింది నేను.”

నేను ఆ రోజు చోట్లు గీసుకున్న కాగితం తీసి విప్పాను.

“మేస్త్రీ ఫోనుతోనే తీసిన. లేచే ముందు నా చేతిల పెట్టిండు. ‘మా బిడ్డకు పంపాలె మేడం, నేను పది మందిల మాట్లాడిన్నంటే నమ్మదు, జర తియ్యుండ్రి’ అన్నడు. ముందు వరుసలో వెలుతురు ఎదురుగా కొడుతుంటే లేచి తలుపు దగ్గరికి పోయి ఫౌజీ వెనక నిలబడ్డ. మీరు తల వంచుకొని రాస్తున్నరు. మీ కాగితం మీద నేను ముందు వరుసలోనే ఉన్న.”

“మరి ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదు?”

“ఆ ముక్క బయటికొచ్చిన రోజే ఆయన ఫోన్ చేసి ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నడు. ఎందుకో చెప్పలే. మీరు ఇంకొకరి మెడకు చుడుతుంటే ఇగ ఊకోలేకపోయిన.”

అక్కడి నుంచి గద్వాల చేరేదాకా నా అనుమానం మేస్త్రీ మీదికి తిరిగింది. తన దుకాణాన్ని కాపాడే వస్తువు తన జేబులోనే పెట్టుకొని, నన్ను మూడు ఊళ్లు తిప్పి, ఫౌజీ దొంగవుతుంటే చూస్తూ కూర్చున్న మనిషి ఎలాంటివాడు? దుకాణంలో ఆయన ఒక్కడే ఉన్నాడు. విప్పడానికి మోటారు లేక పనిముట్లు తుడుస్తున్నాడు.

“మేడం చెప్పారు” అన్నాను.

గుడ్డ కింద పెట్టాడు. “కూసోండ్రి సార్.”

“పూర్తి వీడియో మీ ఫోనులో ఉందా, లేదా?”

“ఉన్నది.”

“మరి ఇచ్చేయండి. నేనే ఠాణాకు తీసుకుపోతాను. ఇవాళే తేలిపోతుంది.”

“ఇస్త. ఎవరికి పంపినవ్ అని రాసుకుంటరు గద సార్. మీరే చెప్తిరి. ఒక్కతికే పంపిన. బిడ్డకు. ఖుషీల అది స్టేటస్ వెట్టింది, ‘మా అబ్బా మాట్లాడిండు’ అని. ఒక్క పూట. గండ్లకెల్లి ఎవడో తీసి కోసిండు. ఎవడో తెల్వదు.” గొంతు తగ్గించాడు. “దానికి సర్కారు బడిల టీచర్ నౌకరి వచ్చింది సార్. కొల్లాపూర్ దిక్కు. చేరనీకి ముందు పోవాల్సిన పోలీసోళ్ల ఎంక్వైరీ కాయితం ఇంకా పోలే. గిప్పుడు గీ వాంగ్మూలంల దాని పేరు రాస్తే, ఆ కాయితం మీద ఏం పడ్తది?”

“ఆమె తప్పేమీ లేదు కదా. ఉన్నది ఉన్నట్టు చెబితే...”

“నా తప్పేమున్నది సార్? నేనేం కోసిన్ననా?” మొదటిసారి ఆయన గొంతు లేచింది. “దుకాణం పోతే చెట్టు కింద కూసోని మోటరు చుడ్త. బిడ్డ పేరు ఒకపారి ఠాణాల పడ్తే అది మళ్ల తుడుచుకపోతదా? ఎవ్వరికి పంపలేదని అబద్ధం చెప్పుమంటే, గది కూడా నాతోని కాదు. గందుకే సప్పుడు చేస్తలేను.”

నాకు కోపం వచ్చింది, ఎవరి మీద చూపించాలో తెలియని కోపం. నిజం చెప్పడానికి భయపడాల్సిన తప్పు ఎవరూ చేయలేదు. అయినా ఆయన భయానికి కారణం లేదని నేను అనలేకపోయాను. ఇన్నేళ్లు కాగితాలు నడిపినవాణ్ణి. ఒక కాగితం మీద పడ్డ మాట ఇంకో కాగితం మీదికి ఎలా నడిచి వెళుతుందో నాకు తెలుసు.

వనపర్తి సమావేశంలో నేను లేచి, విచారణ ఆపేశానని, కారణం చెప్పనని అన్నాను. గదిలో గుసగుసలు మొదలయ్యాయి. ఒకరు మేడం వైపు, ఒకరు నా వైపు, కొందరు ఫౌజీ వైపు చూశారు. ఫౌజీ లేచాడు.

“ఊకుంటే ఎట్ల? నా ఇంటికొచ్చి నా ఫోను చూసిపోతివి. గిప్పుడు దొంగ ఎవడో చెప్పకుంటే నేనే దొంగనైత. తెల్సిందా, తెల్వలేదా? ఒక్క మాట చెప్పు.”

“మీరు కాదు. అంతవరకు చెబుతాను.”

“అంటే తెల్సింది. దాస్తున్నవు.” చుట్టూ చూశాడు. “సరే, దాసుకో. పూర్తి వీడియో దొరకదంటవు. మాట నాకు యాదున్నది. నేను చెప్త.”

ఏమంటున్నాడో నాకు అప్పుడు అర్థం కాలేదు. సోమవారం పొద్దున్నే ఆయన గద్వాల వచ్చి మేస్త్రీ దుకాణం ముందు స్టూలు వేసుకొని కూర్చున్నాడు. అటుగా వచ్చిన ప్రతి రైతునూ పిలిచి, “గా వీడియో చూసినవా? తోక తెగిన వీడియో అది. రా, మొత్తం ఇను” అని మొదలుపెట్టేవాడు. తలగడ కింద బాంబు నుంచి ముందుగాల మాట్లాడేటోడు మనోడే కావాలె అన్నదాకా, తన గద్దింపు కూడా కలిపి చెప్పేవాడు. ఒక్కో రోజు నలుగురైదుగురు ఫోన్లు ఎత్తి తీశారు. “తియ్యుండ్రి, నా మొఖం బాగ రావాలె” అనేవాడు. షట్టర్ యజమాని రెండు రోజులు దూరం నుంచి విని, మూడో రోజు దగ్గరికొచ్చి విన్నాడు. “ఫౌజుల పనిజేసినోడు నిలవడి చెప్తుండె. ఇగ నన్నెవడు అడుగుతడు? ఉండు మేస్త్రీ” అని వెళ్లిపోయాడు. కొందరు రైతులు తిరిగొచ్చారు. కర్నూలు వెళ్లిన ఆయన రాలేదు.

వెళ్లేరోజు ఫౌజీ నాతో అన్నది ఒక్కటే: “మేస్త్రీ కోసం జేసిన. నీ కోసం కాదు.” ఇప్పటికీ సమావేశంలో నాకు దూరంగా కూర్చుంటాడు. ఆ సంగతి కూడా రాసుకుంటున్నాను.

నాగర్‌కర్నూలు వంతు వచ్చేనాటికి మేస్త్రీ కూతురు ఉద్యోగంలో చేరింది. ఆ రోజు డబ్బా బయటికి తీయగానే ఒకాయన, ఇక ఈ చీటీలు వద్దు, తీసేద్దాం అన్నాడు. నేను అభ్యంతరం చెప్పబోతుంటే మేస్త్రీ లేచాడు.

“తీసేయొద్దు సార్. మంచి పద్ధతి. నాది ఒక్కటే మాట. నేను మాట్లాడేటప్పుడు మాత్రం చీటీ ముందే రాసి ఇయ్యిండ్రి, మన దేశం అని. నేను డబ్బాల చెయ్యి పెట్ట.”

“నియమం అందరికీ ఒకటే మేస్త్రీ” అన్నాను.

“బయట అందరం ఒకటే అయితే లోపట నియమం ఒకటే పెట్టుండ్రి సార్. ఫౌజీ అన్న గవే మాటలు నడిబజార్ల అన్నడు. అందరు వీడియోలు తీసిన్రు. ఒక్కటన్న కోసిన్రా? ఒక్కటన్న తిరిగిందా?”

తిరగలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి అనే ఫౌజీ తల వంచుకొని చేతివేళ్లు చూసుకుంటున్నాడు. మేడం నా వైపు చూశారు. కాగితం చింపి, దాని మీద భారతదేశం అని రాసి, మడవకుండానే మేస్త్రీ చేతికిచ్చాను.

ఆయన దాన్ని పట్టుకొని మాట్లాడాడు. మొదటిసారికన్నా బాగా మాట్లాడాడు. ఒక్క తప్పు మాట లేదు. చప్పట్లు కూడా గట్టిగానే పడ్డాయి. మాట్లాడుతున్నంతసేపూ ఆయన చూపు మాటిమాటికీ తలుపు వైపు పోతూ ఉంది. రాయడం ఆపి నేనూ అటే చూస్తూ కూర్చున్నాను, ఎవరి చేతిలో ఫోను లేస్తుందోనని.